విశాఖ బీచ్‌కీ, ఊళ్లో పొలానికీ కలిపి ఏ మెటల్ డిటెక్టర్ కొనాలి?

మీరు అడిగింది ఇది: విశాఖలో ఉంటారు, ఇంటర్ చదివే అబ్బాయితో ఆదివారాలు బీచ్‌లో సరదాగా వెతకాలని ఉంది, సెలవుల్లో విజయనగరం జిల్లాలోని సొంత పొలంలోనూ తిప్పుతారు. బడ్జెట్ ముప్పై వేలు. ఆన్‌లైన్‌లో ఏడెనిమిది వేలకు ఎండీ-4030 అనే యంత్రం కనిపించింది, దాని మీద ‘రెండు మీటర్ల లోతు’ అని రాసి ఉంది. అది సరిపోతుందా, లేక పేరున్న గ్యారెట్ ఏస్ 300 తీసుకోవాలా?

మీకు ఈ రెండూ వద్దు. మీరు ఎక్కువగా నడవబోయేది సముద్రపు తడి ఇసుకలో. అక్కడికి ఒకేసారి పలు ఫ్రీక్వెన్సీల మీద పనిచేసే యంత్రం కావాలి. ఆ రకంలో ఖరీదు తక్కువగా ఉన్నవాటిలో మైన్‌ల్యాబ్ వాంక్విష్ 340 ఒకటి, చెయ్యి కాస్త సాగితే 440. ఏస్ 300 మంచి యంత్రమే. మీరు హైదరాబాద్‌లోనో కర్నూలులోనో ఉండి పొలాల్లో, ఖాళీ స్థలాల్లో మాత్రమే తిప్పేట్టయితే అదే తీసుకోమనేవాణ్ని. డిటెక్టర్‌ని లోతు అంకె చూసి కాదు, మీరు నడిచే నేలను చూసి ఎంచుకోవాలి. ఎందుకో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇది అర్థమైతే అమ్మేవాళ్లు చెప్పే మాటల్లో ఏది నిజమో మీకే తెలిసిపోతుంది.

కింద గుండ్రంగా ఉండే కాయిల్‌లో రెండు తీగచుట్టలు ఉంటాయి. ఒకటి నేలలోకి మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రాన్ని పంపుతుంది, రెండోది వింటుంది. నేలలో లోహం ఉంటే దానిలో సుడి విద్యుత్తు పుట్టి, కొద్దిగా ఆలస్యంగా తిరుగు జవాబు వస్తుంది. ఆ ఆలస్యం ఎంతో చూసి యంత్రం ఇది ఇనుమా, అల్యూమినియం రేకా, వెండా అని అంచనా వేస్తుంది. సరదాకి వాడే యంత్రాలు చాలావరకు 5 నుంచి 20 కిలోహెర్ట్జ్ మధ్య ఒకే ఫ్రీక్వెన్సీ మీద నడుస్తాయి. ఏస్ 300 ది 8, ఏస్ 400 ది 10, నోక్టా సింప్లెక్స్ ప్లస్‌ది 12. ఫ్రీక్వెన్సీ తక్కువైతే లావు వెండి, రాగి లోతులో బాగా దొరుకుతాయి. ఎక్కువైతే సన్నటి బంగారం లాంటి చిన్న వస్తువులు బాగా పలుకుతాయి.

చిక్కంతా జవాబిచ్చేది లోహం ఒక్కటే కాకపోవడంతో వస్తుంది. నేల కూడా జవాబిస్తుంది. అందుకే మంచి యంత్రాల్లో గ్రౌండ్ బ్యాలెన్స్ అని ఒక ఏర్పాటు ఉంటుంది, నేల పలికే ఆ ఒక్క జవాబును అది కొట్టేస్తుంది. మామూలు పొలంలో అది చాలు. విశాఖ తీరంలో మాత్రం రెండు వేర్వేరు జవాబులు కలిసి వస్తాయి. ఉప్పునీటికి విద్యుత్తు ప్రవహించే గుణం ఉంది కాబట్టి తడి ఇసుక మొత్తం ఒక పల్చటి రేకులాగా పలుకుతుంది. అదే ఇసుకలో ఇనుము కలిసిన నల్ల ఖనిజాలు కూడా ఉంటాయి. భీమిలి వైపు తీరమంతా ఇల్మనైట్, గార్నెట్ లాంటి బరువు ఖనిజాలకు పేరు, అల వెనక్కి వెళ్లాక ఇసుక మీద నల్లటి చారలుగా మీరే చూసి ఉంటారు. ఆ నల్ల ఇసుక జవాబు ఉప్పు జవాబుకు పూర్తిగా వేరే దిక్కున ఉంటుంది. ఒకే ఫ్రీక్వెన్సీ ఉన్న యంత్రం ఒకదాన్ని కొట్టేస్తే రెండోది మిగిలిపోతుంది. ఇక ప్రతి ఊపుకీ కీచుమంటూనే ఉంటుంది. ఆ గోల ఆపడానికి సెన్సిటివిటీ, అంటే సన్నటి సిగ్నల్‌ని పట్టే శక్తి, సగానికి తగ్గించాలి, అప్పుడు ఉంగరం నాలుగు వేళ్ల లోతులో ఉన్నా దాటేసి వెళ్లిపోతారు. పలు ఫ్రీక్వెన్సీల యంత్రం అదే నేలను రెండు మూడు రకాలుగా ఒకేసారి విని, పోల్చి, ఉప్పునీ నల్ల ఇసుకనీ కలిపి తీసివేయగలదు.

మీరు వెళ్లే చోట నల్ల ఇసుక ఎంత ఉందో చూడటం తేలిక. పాత స్పీకర్‌లో ఉండే అయస్కాంతాన్ని పల్చటి ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి, పొడి ఇసుకలో రెండు మూడు బారలు ఈడ్చండి. కవర్ చుట్టూ నల్లటి నూగు దట్టంగా పట్టుకుంటే అక్కడ ఏ యంత్రమైనా కష్టపడుతుంది. కవర్ విప్పేస్తే నూగు రాలిపోతుంది, అయస్కాంతం శుభ్రంగా ఉంటుంది. ఇదే పరీక్ష పొలంలో ఎర్రమట్టికీ పనికొస్తుంది.

ఇక లోతు సంగతి. ‘రెండు మీటర్లు’ అన్నది పూర్తిగా అబద్ధం కాకపోవచ్చు, ఇనుప బీరువానో కారు తలుపో పూడ్చిపెడితే ఏదో ఒక చప్పుడు రావచ్చు. మీరు వెతికేది నాణెం, ఉంగరం. ఏడెనిమిది వేల యంత్రాల్లో నాణెం 8 నుంచి 12 సెంటీమీటర్ల దాకా, మంచి యంత్రాల్లో 20 నుంచి 25 దాకా నమ్మకంగా పలుకుతుంది. అంతకు మించి ఆశపడొద్దు. చిన్న వస్తువు దూరం రెట్టింపైతే దాని సిగ్నల్ 64 వంతుల్లో ఒక వంతుకు పడిపోతుంది. వెళ్లేటప్పుడు క్షేత్రం దూరం ఘనానికి విలోమంగా తగ్గుతుంది, తిరిగొచ్చేటప్పుడు మళ్లీ అంతే తగ్గుతుంది. అందుకే డబ్బు రెట్టింపు పెట్టినా లోతు రెట్టింపు కాదు. ఎక్కువ డబ్బుకి వచ్చేది ప్రధానంగా నిశ్శబ్దం, లోహం గుర్తింపులో స్పష్టత, చెత్త మధ్యలో మంచి వస్తువును విడదీసే వేగం.

ఎండీ-4030 వర్గం యంత్రాలతో నా అభ్యంతరం లోతు గురించి కాదు. వాటిలో గుర్తింపు నమ్మదగ్గది కాదు, నేలను సరిచేసుకునే శక్తి దాదాపు లేదు, కాయిల్ తీగ కలిసే చోట వదులైపోతుంది. ఇసుకలో పదిసార్లు ఊరికే కూసిందంటే అబ్బాయి రెండో ఆదివారానికే దాన్ని మూలన పెడతాడు. మొదటి యంత్రం పిల్లల ఉత్సాహాన్ని చంపేదిగా ఉండకూడదన్నది నా గట్టి అభిప్రాయం. ఇంటి పెరట్లో పడిపోయిన తాళంచెవి వెతకడానికైతే అది చాలు, అంతవరకే.

వాంక్విష్ 340, 440 రెండింటిలోనూ లోపల పనిచేసే పద్ధతి ఒక్కటే. తేడా సదుపాయాల్లో. 340 లో వస్తువు సరిగ్గా ఎక్కడుందో చూపే పిన్‌పాయింట్ బటన్ లేదు, సెన్సిటివిటీ మెట్లు తక్కువ. 440 లో ఆ రెండు లోట్లూ తీరతాయి, మీకు నచ్చినట్టు వడపోత (వద్దనుకున్న లోహాలు పలకకుండా చేసే ఏర్పాటు) అమర్చుకునే మోడ్ కూడా ఉంటుంది. అదే పని చేసే చేతి పరికరం పిన్‌పాయింటర్ విడిగా కొంటారు కాబట్టి 340 తో పని జరిగిపోతుంది. గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది: వీటిలో కాయిల్ మాత్రమే నీటిలో మునగొచ్చు, చేతి దగ్గరి పెట్టె మునగకూడదు. వాన పడితే ప్లాస్టిక్ సంచి కట్టాలి. ఏస్ వరుసకూ ఇదే షరతు. మొత్తం యంత్రం మునిగినా పర్వాలేదనుకుంటే సింప్లెక్స్ ప్లస్ మూడు మీటర్ల దాకా తట్టుకుంటుంది, మైన్‌ల్యాబ్ ఎక్స్-టెర్రా ప్రో ఐదు మీటర్ల దాకా. కానీ రెండూ ఒకసారికి ఒకే ఫ్రీక్వెన్సీ మీద నడిచేవి. తడి ఇసుకలో బీచ్ మోడ్ పెట్టి, అక్కడికక్కడ గ్రౌండ్ బ్యాలెన్స్ చేసి, సెన్సిటివిటీ తగ్గించుకుంటే లాక్కురావొచ్చు. నీటికీ, నల్ల ఇసుకకీ రెండిటికీ తట్టుకునేవి కావాలంటే మైన్‌ల్యాబ్ ఈక్వినాక్స్, నోక్టా లెజెండ్ ఉన్నాయి. అవి మీ బడ్జెట్ దాటిపోతాయి, మొదటి ఏడాది మీకు అంత అవసరం కూడా లేదు.

ధర విషయంలో ఒక మాట. అమెరికాలో వాంక్విష్ 340 రెండు వందల డాలర్ల చుట్టుపక్కల మొదలైన యంత్రం. ఇక్కడికి వచ్చేసరికి రవాణా, కస్టమ్స్ సుంకం, జీఎస్టీ కలిసి బాగా పెరుగుతుంది, అమ్మేవాణ్ని బట్టి తేడా కూడా పెద్దగానే ఉంటుంది. విదేశాల నుంచి వచ్చే బంధువులతో తెప్పించుకోవాలనుకుంటే ముందే తెలుసుకోండి, కొన్నచోట ఇచ్చే వారంటీ ఇక్కడ చెల్లకపోవచ్చు. అనుమానం పుట్టేంత చవకగా గ్యారెట్, మైన్‌ల్యాబ్ దొరికితే ఆగండి, ఈ రెండు కంపెనీల పేరుతో నకిలీలు తిరుగుతున్నాయి. డబ్బు కట్టకముందే సీరియల్ నంబర్ అడిగి కంపెనీని సంప్రదించి సరిచూసుకోండి. నంబర్ ఇవ్వనంటే కొనొద్దు.

అస్సలు కొనకూడనివి కొన్ని ఉన్నాయి. మాల్స్‌లో సెక్యూరిటీ వాళ్ల చేతిలో ఉండే కర్రలాంటి డిటెక్టర్ నేలకు పనికిరాదు, అది ఒంటి మీది వస్తువుల కోసం. పల్స్ ఇండక్షన్ యంత్రాలు (క్షేత్రాన్ని ఆగి ఆగి తోపులుగా పంపేవి) ఉప్పునూ నల్ల ఇసుకనూ బాగా తట్టుకుంటాయి, లోతూ ఎక్కువే, కానీ మేకుకీ ఉంగరానికీ తేడా చెప్పలేవు. మొదటిసారి కొనేవాళ్లు రోజంతా తుప్పు మేకులే తవ్వుకుంటారు. అన్నిటికంటే పెద్ద మోసం ‘లాంగ్ రేంజ్ లొకేటర్’. ముందుకు రెండు యాంటెన్నాలు పొడుచుకొచ్చి ఉంటాయి, వంద మీటర్ల దూరంలోని బంగారాన్ని చూపిస్తుందంటారు, లక్షల్లో అమ్ముతారు. బంగారాన్ని దూరం నుంచి విడిగా పసిగట్టే భౌతిక సూత్రం ఏదీ లేదు. మన రెండు రాష్ట్రాల్లో గుప్తనిధుల పేరుతో జనాన్ని ముంచేవాళ్ల చేతిలో ఉండేవి ఎక్కువగా ఇలాంటివే. ఎవరైనా డెమో చూపిస్తామంటే, బంగారం ఎక్కడ పెట్టామో వాళ్లకి తెలియకుండా పది డబ్బాల్లో ఒకదాంట్లో దాచి పట్టుకోమనండి.

దీనికి దగ్గరి ప్రశ్న ఇంకొకటి తరచూ వస్తుంది కాబట్టి ఇక్కడే చెబుతున్నా. తొలకరికి కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో వజ్రాల కోసం వెతికేవాళ్లకు ఏ మెటల్ డిటెక్టరూ ఉపయోగపడదు. వజ్రం లోహం కాదు, యంత్రానికి అది గులకరాయితో సమానం.

ఇప్పుడు మన దేశానికి ప్రత్యేకమైన సంగతి, ఇంగ్లిష్ వీడియోల్లో మీకు దొరకనిది. ఆ వీడియోల్లో చెప్పినట్టు ‘ఇనుము’ వడపోత పెట్టేస్తే మన నాణేల్లో సగం మాయమవుతాయి. రూపాయి నాణెం 1992 నుంచి, రెండు రూపాయలది 2005 నుంచి వచ్చినవి ఫెర్రిటిక్ స్టెయిన్‌లెస్ స్టీలు, అయస్కాంతానికి అతుక్కుంటాయి. రేవుల్లో తాడుకు అయస్కాంతం కట్టి చిల్లర ఏరేది ఆ గుణం వల్లే. డిటెక్టర్ తెర మీద లోహాన్ని బట్టి ఒక అంకె వస్తుంది, ఇవి మాత్రం ఒక అంకె మీద నిలబడవు. ఒకవైపు ఊపితే ఇనుములా, అడ్డంగా తిరిగి ఊపితే పెద్ద అంకెలా చూపిస్తాయి. పాత కుప్రోనికెల్ (రాగి, నికెల్ కలిసిన లోహం) రూపాయి, పావలా, ఇప్పటి నికెల్ బ్రాస్ ఐదు రూపాయలు మాత్రం చక్కగా ఒకే అంకె చూపిస్తాయి. అల్యూమినియం ఐదు పైసలు, పది పైసలు కూడా స్పష్టంగానే పలుకుతాయి.

అందుకని యంత్రం రాగానే మీ సొంత పట్టిక తయారుచేసుకోండి. ఆరుబయట, కరెంటు తీగలకు దూరంగా, పొడి నేల మీద ఒక్కో వస్తువు పెట్టి కాయిల్‌ని పది సెంటీమీటర్ల ఎత్తులో ఊపుతూ అంకె రాసుకోండి. రకరకాల నాణేలు, 22 క్యారెట్ల ఉంగరం ఒక సన్నది ఒక లావుది, వెండి పట్టీ, మట్టెలు, మాత్రల షీటు ముక్క, సీసా మూత, కూల్‌డ్రింక్ డబ్బా ట్యాబు, మేకు, వలకు కట్టే సీసపు గుండు. చివరిది మరిచిపోకండి, జాలర్లు పడవలు నిలిపే తీరంలో మీకు ఎక్కువగా తగిలేది అదే, సిగ్నల్ కూడా మంచి వస్తువులాగే ఉంటుంది. వాంక్విష్‌లో అంకెలు -9 నుంచి 40 దాకా, ఏస్ 300, సింప్లెక్స్‌లలో 0 నుంచి 99 దాకా ఉంటాయి కాబట్టి ఒక యంత్రం పట్టిక ఇంకోదానికి పనికిరాదు.

పట్టిక రాసేటప్పుడు ఒక విషయం కళ్లకు కడుతుంది: సన్నటి బంగారపు ఉంగరం, మాత్రల షీటు ముక్క దాదాపు ఒకే అంకె చూపిస్తాయి. దీన్ని తప్పించే యంత్రం లేదు. రేకు తవ్వడానికి విసుక్కునేవాళ్లకు ఉంగరం దొరకదు.

ఇంకొకటి. ఒకే బరువున్న ఉంగరాన్నీ, సన్నటి గొలుసునీ పక్కపక్కన పెట్టి చూడండి. ఉంగరం గట్టిగా పలుకుతుంది, గొలుసు దగ్గరికి తెస్తే తప్ప పలకదు. ఉంగరం మూసుకున్న వలయం కాబట్టి దానిలో విద్యుత్తు చుట్టూ తిరుగుతుంది. గొలుసులో లంకె లంకెకీ మధ్య స్పర్శ సరిగా ఉండదు, యంత్రానికి అది విడివిడి చిన్న లంకెల కుప్ప. అందుకే బీచ్‌లో పుస్తెలతాడు పోయిందని ఎవరైనా సాయం అడిగితే, గొలుసు కోసం కాక పుస్తెల కోసం, లాకెట్ కోసం, కొక్కెం కోసం వెతకాలి. సెన్సిటివిటీ వీలైనంత పెంచి, వడపోత పూర్తిగా తీసేసి, చాలా నెమ్మదిగా వెళ్లాలి. ముక్కుపుడక అయితే ఈ వర్గం యంత్రాలతో దొరకడం దాదాపు అసాధ్యం, ఆశపెట్టకుండా ముందే చెప్పేయడం మంచిది.

యంత్రం తర్వాత డబ్బు పెట్టాల్సింది పిన్‌పాయింటర్ మీద. ఇది చేతిలో పట్టే చిన్న గొట్టంలాంటి డిటెక్టర్, తవ్విన గుంటలో వస్తువు ఏ పక్కన ఉందో చూపిస్తుంది. ఇది లేకపోతే ప్రతి గుంటా బక్కెటంత అవుతుంది. గ్యారెట్ ప్రో-పాయింటర్ ఏటీ నీటిలోనూ పనిచేస్తుంది, చవకవి కూడా ఉన్నాయి. ఏదైనా నీరు చొరబడనిదే తీసుకోండి. ఇసుకకు చిల్లుల పార కావాలి, కొనే బదులు స్టెయిన్‌లెస్ స్టీలు పని చేసేవాళ్లతో చేయించుకోవచ్చు. చిల్లులు 7, 8 మిల్లీమీటర్లు ఉండాలి. అంతకంటే పెద్దవైతే చెవికమ్మ జారిపోతుంది, చిన్నవైతే తడి ఇసుక దిగదు. పొలానికి బొరిగె చాలు. పార, బొరిగె రెండూ లోహమే కాబట్టి ఊపేటప్పుడు కాయిల్‌కి మీటరు దూరంలో ఉంచండి. ఇనుప ముక్కు ఉన్న బూట్లూ వద్దు. హెడ్‌ఫోన్స్ ఉంటే సన్నటి సిగ్నల్స్ వినపడతాయి, అలల హోరులో స్పీకర్ నమ్ముకోలేం.

ఊపే పద్ధతిలో నూటికి తొంభై మంది చేసే పొరపాటు చివర్లలో కాయిల్ పైకి లేపడం. చీపురుతో ఊడ్చినట్టు కాకుండా నేలకు సమాంతరంగా, రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తులో, ఎడమ నుంచి కుడికి మీటరున్నర వెడల్పు రెండు సెకన్లలో వెళ్లాలి. తర్వాతి ఊపు ముందరి ఊపు మీద సగం పడాలి. కాయిల్ కదలకుండా ఉంటే ఈ యంత్రాలు మామూలు మోడ్‌లో పలకవు, వేగం మరీ ఎక్కువైనా వస్తువు తప్పిపోతుంది. సిగ్నల్ వచ్చాక 90 డిగ్రీలు పక్కకు తిరిగి మళ్లీ ఊపండి. రెండువైపులా ఒకే అంకె, ఒకే స్వరం వస్తే తవ్వండి. ఒకవైపు పలికి ఇంకోవైపు చెదిరిపోతే చాలాసార్లు తుప్పుపట్టిన ఇనుము. మన స్టీలు నాణేలు కూడా అలాగే చెదురుతాయని పైన చెప్పాను, అది గుర్తుంచుకోవాల్సిన మినహాయింపు.

ఊరికే కూస్తుంటే యంత్రాన్ని తిట్టుకునే ముందు ఈ వరుసలో చూడండి. సెన్సిటివిటీ రెండు మెట్లు తగ్గించండి. జేబులో ఫోన్ ఉంటే దూరం పెట్టండి. కాయిల్ తీగ కడ్డీకి బిగుతుగా చుట్టి ఉందో లేదో చూడండి, వదులుగా ఊగే తీగ కాయిల్ ముందుకొచ్చి తప్పుడు సిగ్నల్ ఇస్తుంది. కాయిల్ కింద ప్లాస్టిక్ తొడుగు ఉంటే విప్పి కడగండి, అందులో చేరిన నల్ల ఇసుక యంత్రంతో పాటే తిరుగుతూ కూయిస్తుంది, ఇది బీచ్‌లో తరచూ జరిగేదే. పైన హైటెన్షన్ తీగలు, పొలం చుట్టూ కరెంటు కంచె ఉంటే అక్కడ ఏం చేసినా లాభం లేదు, పక్కకు జరగండి. సింప్లెక్స్ లాంటి వాటిలో గ్రౌండ్ బ్యాలెన్స్ మీరు చేయాలి. లోహం లేని చోటు చూసి, బటన్ నొక్కి పట్టుకుని, కాయిల్‌ని జానెడు ఎత్తు నుంచి నేల దగ్గరిదాకా నాలుగైదుసార్లు పైకీ కిందికీ ఆడించండి. వాంక్విష్ ఆ పని తనే చూసుకుంటుంది.

బీచ్‌లో పొడి ఇసుకలో, జనం కూర్చునే చోట, బళ్ల దగ్గర మొదలుపెట్టండి. చేయి అలవాటయ్యాక ఆటు సమయం చూసుకుని తడి ఇసుకలోకి దిగండి. తుఫాను తర్వాత సముద్రం ఇసుకను కోసి మెట్టులా చేసి ఉంటే ఆ మెట్టు అడుగున, తీరానికి సమాంతరంగా నడవండి. బరువైన వస్తువులు అడుగు గట్టి పొర మీద ఆగుతాయి, పైఇసుక కొట్టుకుపోయినప్పుడే అవి కాయిల్‌కి అందుతాయి. కాకినాడ దగ్గర ఉప్పాడలో తుఫాన్ల తర్వాత జనం ఇసుకలో బంగారు రేణువులు, ముక్కలు ఏరడానికి కారణమూ ఇదే తరహాది. నీళ్లలోకి మాత్రం మోకాలు దాటి దిగొద్దు. ఆర్కే బీచ్, యారాడ, రుషికొండ వైపు ప్రవాహాలు మనిషిని లాగేస్తాయి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కిందికి చూస్తూ నిలబడ్డవాడికి అల వచ్చేది తెలియదు. చలికాలం నుంచి వేసవి మొదలుదాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరంలో గుడ్లు పెడతాయి. ఇసుకలో తాబేలు పాకిన జాడలు, కంచె కట్టిన చోట్లు కనిపిస్తే అక్కడ పార దించొద్దు.

చట్టం విషయం తేలిగ్గా తీసుకోవద్దు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం భూమిలో దాగి ఉన్న విలువైన వస్తువు ఏదైనా పది రూపాయల విలువ దాటితే కలెక్టర్‌కి రాతపూర్వకంగా తెలపాలి. దాచిపెడితే ఏడాది దాకా జైలు పడొచ్చు. వందేళ్లు దాటిన నాణేలు, విగ్రహాలకు 1972 నాటి పురావస్తువుల చట్టం వర్తిస్తుంది. గోల్కొండ, వరంగల్ కోట, లేపాక్షి లాంటి రక్షిత కట్టడాల చుట్టుపక్కలకు డిటెక్టర్ తీసుకెళ్లే ఆలోచనే వద్దు. మీకు దగ్గర్లో తొట్లకొండ, బావికొండ బౌద్ధ క్షేత్రాలు, ఎర్రమట్టి దిబ్బలు బీచ్ రోడ్డు పక్కనే ఉన్నాయి, వాటికి దూరంగా ఉండండి. నౌకాదళం పరిధిలోని తీరానికీ అంతే. బీచ్‌లో దొరికిన ఉంగరం, గొలుసు మీ సొత్తు కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 71వ సెక్షన్ ప్రకారం దొరికినవాడు దాన్ని భద్రంగా చూడాల్సిన బాధ్యత ఉన్నవాడు మాత్రమే. దగ్గరి పోలీస్ స్టేషన్‌లో అప్పగించి రసీదు తీసుకోండి.

విదేశాల్లో ఉన్న మనవాళ్లు చదువుతుంటే: ఇంగ్లాండ్‌లో పొలం యజమాని అనుమతి తప్పనిసరి, 1996 నాటి నిధుల చట్టం కిందికి వచ్చే నిధి దొరికితే 14 రోజుల్లో కరోనర్ అనే స్థానిక అధికారికి తెలపాలి. అమెరికాలో నేషనల్ పార్కుల్లో డిటెక్టర్ వాడకం నిషిద్ధం.

ఊళ్లో పొలం సొంతదే అయినా పగటిపూటే తిప్పండి, పక్క పొలాల వాళ్లకు ముందుగా ఒక మాట చెప్పండి. చీకటిపడ్డాక డిటెక్టర్ పట్టుకుని ఎవరు కనిపించినా గుప్తనిధుల ముఠా అని ఊరు కట్టగట్టుకొస్తుంది, అలాంటి కేసులు నడుస్తుంటాయి కాబట్టి వాళ్ల భయం కారణం లేనిది కాదు. గుడి, పాత సమాధుల పక్కన అసలు వద్దు. పొలంలో మీకు దొరికేవి ఎక్కువగా నాగలి కర్రు ముక్కలు, ఎద్దుల నాడాలు, బోల్టులు, ముళ్లతీగ. దున్నేటప్పుడు జారిపడిన పనిముట్లు దొరికితే పాలేర్లు సంతోషిస్తారు. దున్ని, ఒక వాన పడి, మట్టి అణిగిన తర్వాత వెతకడం మంచిది. కొత్తగా దున్నిన బెడ్డల మీద కాయిల్ నేలకు దగ్గరగా వెళ్లదు, గడ్డల మధ్య గాలి ఖాళీలు లోతును తినేస్తాయి. గుంటలు పూడ్చకుండా వదలొద్దు, ఎద్దు కాలు పడితే విరుగుతుంది. గుండులాగో, గొట్టంలాగో, వైర్లు ఉన్నట్టో ఏదైనా తగిలితే ముట్టుకోకుండా వెనక్కి వచ్చి పోలీసులకు చెప్పండి.

ఇంటికొచ్చాక కాయిల్‌నీ, కింది కడ్డీనీ మంచినీళ్లతో తుడిచి నీడలో ఆరబెట్టండి. కడ్డీ జాయింట్లు విప్పి కడగండి, ఉప్పు, ఇసుక అక్కడ చేరితే మూడు నెలలకు బిగుసుకుపోతుంది. వారం దాటి వాడకపోతే సెల్స్ తీసేయండి, మన ఉక్కపోతకు అవి కారి స్ప్రింగులను తినేస్తాయి. నాలుగు ఏఏ సెల్స్ మీద నడిచే యంత్రాలకు రీచార్జ్ అయ్యే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ వాడొచ్చు, ఖర్చు బాగా తగ్గుతుంది.

యంత్రం చేతికి వచ్చాక వాపసు గడువు ముగిసేలోపే ఈ పరీక్షలు చేయండి. ముందు సీరియల్ నంబర్ సరిచూడండి. ఆరుబయట ఐదు రూపాయల నాణెం మీద 5, 10, 15 సెంటీమీటర్ల ఎత్తులో ఊపి అంకె మారకుండా ఉంటుందా చూడండి. ఒక చేత్తో కాయిల్ తీగను ప్లగ్ దగ్గర మెల్లగా కదుపుతూ చప్పుడు వస్తుందా వినండి, వస్తే అక్కడ లోపం ఉన్నట్టే. కాయిల్‌ని పది నిమిషాలు బకెట్ నీళ్లలో ఉంచి తీసి మళ్లీ ఆన్ చేయండి. ఇవన్నీ ఇంటి హాల్లో చేస్తే ఎల్‌ఈడీ దీపాలు, వైఫై, గోడలోని ఇనుప ఊచల వల్ల ఏ మంచి యంత్రమైనా అరుస్తుంది కాబట్టి, పాడైపోయిందనుకుని వాపసు పంపే ముందు మైదానంలో ఒకసారి చూసి నిర్ణయించుకోండి.